మూడో పిలుపు

...మూడోసారి పిలవాలి. మూడోసారి పిలిస్తేనే మనిషి. ఒకసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదు, రెండుసార్లు పిలిచి ఊరుకునేదీ కాదు. మనిషికి మనతో పని ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ పిలుస్తాడు. ఆ రెండో జాతికి మనతో పనేమీ లేదు. మన నోట్లోంచి ఒక్క 'ఓ' వస్తే చాలు, దాన్ని పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది.

సుమిత్రమ్మ పెదవులు బిగించి నిలబడింది. చుట్టూ పొగమంచు. చెయ్యి చాపితే వేళ్లు కనిపించడం లేదు. బురదలో దిగబడిన బూటు పీక్కోవడానికి వంగింది, అంతే. లేచేసరికి ముందు నడుస్తున్న వాళ్లు లేరు, గుట్ట మీది బాట లేదు, నిన్న దిగిన స్కాట్లాండే లేదు.

ఇందాక వినిపించింది. "సుమిత్రా!" కాసేపటికి మళ్లీ, ఇంకొంచెం దూరంగా, "సుమిత్రా!"

తర్వాత ఏమీ లేదు.

గాలి అనుకుందామంటే గాలికి తన పేరేం తెలుసు? ఈ దేశంలో ఆ పేరు తెలిసింది తాండూరు నుంచి కలిసి వచ్చిన తమ చిన్న గుంపుకే. వాళ్లలో అలా పిలిచేవాళ్లు లేరు. టూరు నడిపే వికారాబాద్ పిల్ల వినీత 'అమ్మా' అంటుంది. కిరాణా కొట్టు సూర్యప్రకాశ్ 'అక్కా' అంటాడు. మొగుడు బిచ్చయ్యకు పెళ్లైన నాటి నుంచీ తను 'ఇగో'. కోపమొస్తే 'ఓయ్'. ఉత్తగా 'సుమిత్రా' అని పిలిచింది అమ్మ ఒక్కతే. అమ్మ యాలాల్‌లో చెలక గట్టున మట్టిలో ఉంది.

పొద్దున బస్సులో వినీత చెప్పింది, ఆకులు రాలే ఈ రోజుల్లో పోయినవాళ్లు ఇళ్లకు వస్తారని ఇక్కడివాళ్ల నమ్మకమట.

"మన పెత్రమాస లెక్కనే అన్నట్టు," అని సూర్యప్రకాశ్ నవ్వాడు. వెంటనే కిటికీకి అతుక్కుపోయిన బిచ్చయ్య మీద పడ్డాడు. "గొర్లను చూడనీకె ఇంత దూరం రావాల్నా బిచ్చన్నా? యాలాల్ల లెవ్వా?"

"గీటి ఉన్ని జూడు, కంబళి కప్పుకున్నట్టున్నయ్," అన్నాడు బిచ్చయ్య, కళ్లు తిప్పకుండా.

అప్పుడు అందరితో పాటు తనూ నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు వేరెవరిదో అనిపిస్తోంది.

తెల్లదనంలో ఏదో కదిలింది. ఒక నల్లటి ముఖం నేలకు దగ్గరగా వచ్చి ఆమెను చూసింది. గొర్రె. పుట్టినప్పటి నుంచీ గొర్ల మధ్య బతికిన మనిషిని అది కొత్తగా చూసి, తిరిగి మంచులోకి వెళ్లిపోయింది.

అమ్మే అయితే? పలికితే మాత్రం ఏమవుతుంది? గొంతులోకి వచ్చిన మాటను పళ్లతో ఆపుకుంది.

"అమ్మా! సుమిత్రమ్మా! ఏడున్నరు? అమ్మా, పలుకుండ్రి!"

ఈ గొంతు ఆగలేదు. మూడు దాటింది.

"ఈడున్న బిడ్డా!"

వినీత, సూర్యప్రకాశ్ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మంచులోంచి బయటికి వచ్చారు.

"పిలిస్తె పలుకరేందమ్మా? పరేషాన్ చేసిండ్రు గద!"

"నువ్విప్పుడే గద పిలిచింది."

"నేను కాదమ్మా, పెద్దాయన. మిమ్మల్ని పిలుసుకుంట ఎనుకకు ఉరికిండు. ఆగుమంటె ఆగలే. ఏడి?"

సుమిత్రమ్మ చప్పున వినీత చెయ్యి పట్టుకుంది. "ఆయన... నన్ను పేరు పెట్టి పిలిచిండా?"

"మేమందరం ఇన్నం," అన్నాడు సూర్యప్రకాశ్. "గింత మంచుల 'ఇగో' అంటె ఎవరికి తెలుస్తదక్కా!" అతని నవ్వు సగంలో ఆగిపోయింది. "మీకాడికి రాలేదా?"

"ఎవరు కదలకుండ్రి," అంది వినీత. "బాట పక్కన ఊబి గుంటలున్నయ్." మెడలోని ఈల తీసి ఊదింది. మంచు ఆ చప్పుడును మింగేసింది.

బిచ్చయ్యకు పిలుపుల సంగతి సుమిత్రమ్మ కంటే బాగా తెలుసు. గొర్ల మంద దగ్గర పడుకున్న రోజుల్లో ఆయనే మళ్లీ మళ్లీ చెప్పేవాడు. మూడోసారి పిలిచేదాకా ఆమె పలకదని ఆయనకు తెలుసు. తెలిసీ మూడోసారి పిలవలేదంటే, పిలవడానికి లేడు.

సుమిత్రమ్మ వినీత చెయ్యి వదిలేసి రెండడుగులు ముందుకు వేసింది. బ్యాంకులో అడిగినా, ఓటు వేసేచోట అడిగినా పక్కవాళ్లతో చెప్పించిన మొగుడి పేరు అది. నాలుక మీదికి ఎప్పుడూ రానివ్వలేదు. ఎవరి పేరో పలుకుతున్నట్టు పలికింది.

"బిచ్చయ్యా!"

చెవి మంచు వైపు పెట్టింది.

"బిచ్చయ్యా!"

ఎక్కడో నీళ్లు బుడబుడమన్నాయి. సూర్యప్రకాశ్ తల దించుకున్నాడు. వినీత ఏడుస్తోంది. మూడోసారి పిలవడానికి సుమిత్రమ్మ నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. కళ్లు మూసుకుంది. కొంగు గుప్పిట్లో నలిపింది. ఒంట్లో ఉన్న గాలంతా కలిపి పిలిచింది.

"బిచ్చయ్యా!"

"ఓ!" అని దూరం నుంచి వినిపించింది. "ఓ... వస్తున్న!"

ఆ గొంతు పట్టుకుని ఆయన వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. తలపాగా లేదు. ముఖం పసిపిల్లవాడిలా ఉంది. సుమిత్రమ్మ ఆయన రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"రెండుసార్లు పిలిచి ఊకున్నవేంది? ఇంకొక్కసారి పిలిస్తె పలుకుతుంటి గద!"

బిచ్చయ్య ఆమె కొంగు పట్టుకున్నాడు.

"దానిక్కూడ నువ్వు పలుకకపోతే?"