అల్లుడి గదిలో టీవీ

“బొమ్మ రావాలంటే పిన్నుండాలి కద బాబాయ్. పిన్నేదీ?” అన్నాడు కేబుల్ ధనరాజ్, గోడ సాకెట్ నుంచి వచ్చిన వైరు కొస చూపిస్తూ.

లక్ష్మణరావు ఆ కొస లాక్కుని చూశాడు. “మొన్న నువ్వే కదరా పెట్టినావు!”

“పెట్టినాను. ఇప్పుడు నేదు.”

మంచం మీద కూర్చున్న కొత్తల్లుడు పృథ్వీరాజ్ ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడమే లక్ష్మణరావుని చంపుతోంది.

గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే అల్లుడు మూడు రోజులు సెలవు పెట్టి, భార్య ఝాన్సీని ఆషాఢానికి పుట్టింట దిగబెట్టడానికి కోటబొమ్మాళి వచ్చాడు. రేపు పొద్దున్న రైలెక్కితే మళ్లీ శ్రావణం దాకా ఈ గడప తొక్కకూడదు. పెళ్లయి నిండా నలభై రోజులు కాలేదు. అలాంటివాడు వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా నవ్వలేదు. ఆ మొహంతోనే వెళ్లిపోతే వియ్యాలవారి దగ్గర తలెత్తుకునేదెలా? ధాన్యం బేరాల్లో ఎంతటి మొండివాడినైనా మాటలతో మెత్తబరిచే లక్ష్మణరావుకి అల్లుడి ముందు మాత్రం నోరు పెగలడం లేదు.

ఆయనకి తోచిన మర్యాద ఒక్కటే. వచ్చిన రోజు సాయంత్రమే హాల్లో టీవీని మోయించి అల్లుడి గదిలో పెట్టించాడు. గోడకి కేబుల్ సాకెట్ ఉంది కదా, గుచ్చితే బొమ్మ వచ్చేస్తుందనుకున్నాడు. రాలేదు.

ధనరాజ్ వచ్చి అసలు సంగతి చెప్పాడు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ గదికో సాకెట్ బిగించాడు గానీ, వాటి వైర్లన్నీ అటక మీద మొండి కొసలతో పడి ఉన్నాయి. బయటి నుంచి వచ్చే కేబుల్ హాలుకి మాత్రమే వెళ్తోంది. అతను అటకెక్కి, ఒక్క లైనుని రెండు చేసే చిన్న డబ్బా పెట్టి, ఈ గది వైరు కలిపాడు. ఆ తర్వాత సాకెట్ నుంచి టీవీ పెట్టెకి జానెడు వైరు వేసి, కొసకి పిన్ను తిప్పాడు.

ఆ పక్కనే గోడకి జేరబడి కూర్చున్న లక్ష్మణరావు తల్లి తవిటమ్మ, “ఇదేటిరా, చెవిదుద్దులాగున్నాది?” అంది.

“పిన్ను మామ్మా. దీని మజ్జిన రాగి తీగుంది సూడు, అది కన్నంలో సరిగ్గా కూకుంటేనే బొమ్మొస్తాది. ఇది నేకపోతే ఎంత పెద్ద టీవీ అయినా ఉత్త అద్దమే.”

“ఓలమ్మ! ఇంతున్నాది, దీనికెంత పెత్తనమో!”

బొమ్మ వచ్చింది. దాని వెనకే ఇల్లంతా వచ్చింది. అల్లుడిని ఒంటరిగా వదిలేయడం మర్యాద కాదని లక్ష్మణరావు కుర్చీ వేసుకున్నాడు. ఆయన భార్య గౌరి, పక్కింటి ఈశ్వరి, ఈశ్వరి తోడికోడలు కింద చతికిలబడ్డారు. ఝాన్సీ కాఫీలు అందిస్తూ గుమ్మంలోనే ఉండిపోయింది. సినిమా అయ్యేదాకా ఒక్కరు కదిలితే ఒట్టు. అల్లుడు కూర్చున్నచోటే నిద్రపోయాడు. మర్నాడు పొద్దున్నే భక్తి పాటలతో మళ్లీ మొదలు. మొగుడూ పెళ్లాలు నలుగురి మధ్యన తప్ప ఒక్క మాట ఆడుకోలేదు. అల్లుడి మొహం ఇంకాస్త ముడుచుకుంది. చానళ్లు చాలలేదేమోనని మావగారు ఇంకో నాలుగు వేయించారు.

తీరా ఈరోజు భోజనాలు చేసి వచ్చేసరికి పిన్ను మాయం.

“ఎలకెత్తుకుపోయుంటాది,” అంది తవిటమ్మ. “మొన్న నా సబ్బుబిళ్ల ఎత్తుకుపోనేదా? ఒరే ధనరాజూ, బేగి ఇంకోటి పెట్టు. నా సీరియల్ పోతాది.”

ధనరాజ్ సంచిలో మిగిలిన ఒక్క పిన్నూ తిప్పి వెళ్లాడు. నాలుగింటికి ఈశ్వరి పనసతొనలు తెచ్చింది. గోడవార కునికిపాట్లు పడుతున్న తవిటమ్మని లేపకుండా మిగతా అందరూ వరండాలో కూర్చుని తిన్నారు. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి టీవీ నల్లగా ఉంది. అందరికంటే ముందు లేచి వచ్చిన అల్లుడు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో వైరు. వైరుకి పిన్ను లేదు.

అందరూ అతని వంకే చూశారు.

“నేను కాదు మావగారూ! ఏమైందా అని చూస్తున్నాను, అంతే.”

“దొంగముండ ఎలక!” తవిటమ్మ విరుచుకుపడింది. “కునుకట్టినాను గానీ, నేకపోతే తోకట్టుకుందును. ఒరే లచ్మన్నా, ఇల్లు మనకోసం కట్టినావా, ఎలకలకోసం కట్టినావా? నా సీరియల్ ఏటవ్వాలి?”

లక్ష్మణరావు ధనరాజ్‌కి ఫోన్ చేశాడు.

“పిన్నులైపోనాయి బాబాయ్. రేపు టెక్కలి నుంచి తెప్పిస్తాను. ఈపూటకి టీవీ హాల్లో పెట్టీండి. అక్కడి వైరు పిన్ను తుప్పట్టి బిగిసిపోయున్నాది, ఎవలికీ ఊడదు.”

టీవీ హాల్లోకి వెళ్లింది. జనమూ వెళ్లారు. లక్ష్మణరావు గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు. “బాబూ, ఏటీ అనుకోకండి. మిగిలిన ఒక్క సాయంత్రమూ ఇలాగైపోనాది.”

“పర్లేదు మావగారూ! అస్సలేం అనుకోను!” అంటూ అల్లుడు నవ్వాడు. ముప్ఫై రెండు పళ్లూ కనిపించేలా నవ్వాడు. ఎంత సర్దుకుపోయే మనిషి దొరికాడమ్మా అని లక్ష్మణరావు కళ్లు చెమర్చాయి.

గది తలుపు దగ్గరగా వేసి ఝాన్సీ గుసగుసగా అడిగింది. “పిన్ను మీరే తీసేరు కదూ?”

“నేనా? నువ్వనుకున్నాను!”

“నేనా!”

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు హాల్లోకి వినిపించింది.

“పాపం, టీవీ నేదు, ఏటీ నేదు,” అంటూ లక్ష్మణరావు లేచాడు. “ఎల్లి కాసేపు తోడు కూకుంటాను.”

“కూకోరా,” అని కసిరింది తవిటమ్మ. “నువ్వడ్డం లెగిస్తే నాకు బొమ్మెలా అగుపిస్తాది?”

ఆయన చప్పున కూర్చుండిపోయాడు. తవిటమ్మ సీరియల్ మీంచి చూపు తిప్పకుండానే వక్కముక్క కోసం కొంగుముడి విప్పింది.

అందులో రెండు పిన్నులున్నాయి.