ఈతకు దూది జాకెట్టు

కెరటాల్లో మునిగిపోతున్న కుక్కను తాడు పట్టుకుని ఒంటిచేత్తో గట్టుకు లాక్కొచ్చిన మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? మా వీధిలో ఉన్నాడు. పరుపులు కుడతాడు. అరవై ఆరేళ్ళు, సన్నగా రివటలా ఉంటాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఖర్మ.

"నేను తీసుకెళ్ళను. సముద్రం నాకు పడదు," అన్నాడు పరుపులాయన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"సముద్రాన్ని మింగి రమ్మన్నానా? ఒడ్డున కాసేపు తిప్పుకు రమ్మన్నాను." మంచం మీది నుంచి అంది భార్య. మెట్టు జారి మడమ విరిగి నాలుగు రోజులైంది, కాలికి పిండికట్టు. "రోజూ నేను తీసుకెళ్ళేదాన్ని. నేను పడ్డ దగ్గర్నుంచీ దొరగారు ముద్ద ముట్టలేదు."

దొర అంటే కుక్క. మొగుణ్ణి 'ఏమయ్యా' అని పిలిచే ఆ ఇల్లాలు, కుక్కను మాత్రం గారు చేర్చకుండా పిలవదు. అది గుమ్మంలో పడుకుని, తన తాడు మీదే గడ్డం ఆనించి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి.

"ఆకలేస్తే అదే తింటుందిలే."

"ఈ మాట నిన్నా అన్నావు. మొన్నా అన్నావు."

పరుపులాయన కుక్క వంక చూశాడు. కుక్క ఆయన వంక చూడలేదు. సూదికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

"సరే, ఏం చెయ్యాలో చెప్పు," అన్నాడు.

"ముందు అరచెయ్యి తిరగేసి ఇసుక మీద పెట్టు. పది లెక్కపెట్టేదాకా నీ చెయ్యి ఓర్చుకుంటే దాని కాళ్ళూ ఓర్చుకుంటాయి. సీసాలో మంచినీళ్ళు పట్టుకెళ్ళు. ఉప్పునీళ్ళు తాగనిస్తే కక్కుకుంటాడు. తాడు మణికట్టుకు చుట్టుకో, చచ్చినా వదలకు."

"మునిగిపోతేనో?"

"ఎవరు?"

"ఎవరైనా."

"మోకాలి లోతు దాటకండి, ఇద్దరూ. దొరగారికి ఏమన్నా అయిందో, ఒంటికాలి మీదైనా వచ్చి నీ పని పడతాను."

అంత మాట అన్నాక ఊరికే వెళ్తాడా? ముందు గదిలో కూర్చుని, చారల పరుపుగుడ్డ చించి, దొర కోసం నీళ్ళమీద తేలే జాకెట్టు ఒకటి కుట్టాడు. లోపల మూడు కిలోల ఒకటో రకం దూది, నిన్ననే ఏకినది. లోకంలో దూదికి లొంగని కష్టం లేదని ఆయన నమ్మకం. నడుము నొప్పికి దూది పరుపు, తలుపు చప్పుడికి సందులో దూది, పెళ్ళాం కోపానికి చెవుల్లో దూది. ఉఫ్ అని ఊదితే ఎగిరిపోయేది నీళ్ళమీద తేలక ఏం చేస్తుంది? భార్యకు మాత్రం చెప్పలేదు.

ఎండ దిగాక బయల్దేరారు. ఒడ్డున ఈల మెడలో వేసుకుని తిరిగే కాపలావాడు ఎదురొచ్చాడు.

"ఏం తాతా, పరుపు ఉతకడానికి వచ్చావా?"

"ఇది తేలే జాకెట్టు."

"లోపలేముంది?"

"ఒకటో రకం దూది."

కాపలావాడు నవ్వాలో ఈల ఊదాలో తెలియక తల గోక్కున్నాడు. "మోకాలు దాటొద్దు," అని మాత్రం అన్నాడు.

పరుపులాయన ఇసుక మీద చెయ్యి తిరగేసి పెట్టి, పది చాలదని ఇరవై లెక్కపెట్టాడు. దొరకు మంచినీళ్ళు తాగించాడు. తాడు మణికట్టుకు మూడు చుట్లు చుట్టాడు. ఇద్దరూ మోకాలి లోతులో, ఏ పాపం ఎరగనట్టు నిలబడ్డారు.

మొదటి కెరటానికి దూది దాహం తీర్చుకుంది. రెండో కెరటానికి కడుపు నింపుకుంది. మూడు కిలోలది ముప్పై కిలోలైంది. ఇక మూడోది వచ్చేసరికి దొర కాళ్ళు తేలిపోయి, జాకెట్టు మాత్రం ఇసుకలోకి దిగిపోయింది. నీళ్ళ పైన ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. కాపలావాడేమో అంత దూరాన పిల్లల మీద ఈల వేస్తున్నాడు.

తాడు ఒక్కటే దిక్కు. ఆ చివర సముద్రం, ఈ చివర పరుపులాయన. కాళ్ళు ఇసుకలో తన్నిపెట్టి, పళ్ళు బిగించి, ఒక్కో జానా వెనక్కి లాగుతూ, మొత్తానికి దొరను పొడి ఇసుక మీదికి చేర్చాడు. కాసేపు ఇద్దరూ పక్కపక్కనే పడుకుని రొప్పారు. తర్వాత ఒకరి మొహం ఒకరు నాకినంత పని చేశారు.

ఇంటికి రాగానే దొర గిన్నె ఖాళీ చేసి, మళ్ళీ పెట్టమని గిన్నెను మూతితో నెట్టింది. భార్య కళ్ళు తుడుచుకుంది. అప్పుడు కనిపించింది, గుమ్మం పక్కన నీళ్ళోడుతున్న జాకెట్టు.

"ఇదేమిటయ్యా?"

"తేలే జాకెట్టు."

"దొరగారికి ఈత రాదని నీకెవరు చెప్పారు? చేపపిల్లలా ఈదుతాడే."

పరుపులాయన గోడకేసి చూశాడు. ఆమె జాకెట్టు వంక చూసింది, మొగుడి వంక చూసింది. దగ్గరికి పిలిచి, తువ్వాలుతో ముందు ఆయన తల తుడిచింది, తర్వాత కుక్కను తుడిచింది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. పరుపులాయనతో పాతికేళ్ళ స్నేహం కాబట్టి, జాకెట్టు వేసుకుని మునిగిందెవరో, తాడు పట్టి గట్టుకు లాగిందెవరో చెప్పేచోట మాత్రం వాళ్ళిద్దర్నీ అటూ ఇటూ మార్చాను.