గట్టు మీద టీ గ్లాసు

తుపాను వస్తోందని రేడియోలో చెప్పడంతో, చీకటి పడినా మా చేలో కోత మిషను ఆపలేదు. డ్రైవరు బల్విందర్ సింగుది పంజాబులో బియాస్ ఒడ్డున చిన్న ఊరు. మా గోదారి గట్టెక్కితే సొంతూరే గుర్తొస్తుందనేవాడు.

ఉన్నట్టుండి మిషను ఆగింది. పరుగెత్తాను.

"ఏంటండీ సింగుగారూ, ఆపేశారు?"

"తలపాగా తాత చేతులు అడ్డం పెట్టాడు," అన్నాడు వచ్చీరాని తెలుగులో.

చేలో మేమిద్దరమే ఉన్నాం. మిషను మోత ఆగాక చిటచిటమని చప్పుడు వినిపించింది. టార్చి వేస్తే, బారెడు దూరంలో, తెగిన కరెంటు తీగ వరిలో పడి ఉంది.

బల్విందర్ చీకట్లోకి దణ్ణం పెట్టాడు.

కోతనాడు చేలో అడుగుపెట్టినవాళ్ళని నాన్న ఉన్నన్నాళ్ళూ టీ ఇవ్వందే పంపలేదు. నేనూ ఫ్లాస్కులోంచి గ్లాసు నింపి గట్టు మీద పెట్టాను.

"తాగండి. మీ దయవల్ల బతికాం," అన్నాను, ఎవరూ కనపడకపోయినా.

ఇద్దరం ఊళ్ళోకెళ్ళి కరెంటు తీయించి వచ్చేసరికి గ్లాసు ఖాళీగా, బోర్లించి ఉంది. తాగిన గ్లాసు బోర్లించే అలవాటు మా ఇంట్లో నాన్నకొక్కడికే ఉండేది.

దాన్ని తిప్పి, ఫ్లాస్కులో మిగిలిందంతా పోశాను.