పొడిచెత్త

“రోజూ కొంచెం ఎత్తుకపోతాండా మిస్,” అంది ఐదో తరగతి కెజియా.

కాకినాడ నుంచి బెంగళూరుకు కొత్తగా వచ్చిన కరుణ టీచర్ చెవికి ఆ ‘ఎత్తుకపోవడం’ దొంగతనంగానే వినిపించింది. అదే తరగతి లలిత్ జామెట్రీ బాక్సు నిన్ననే పోయింది.

“బ్యాగు తెరువు.”

ఖాళీ చిప్స్ ప్యాకెట్లు, జ్యూస్ డబ్బాలు బయటపడ్డాయి. అన్నీ తరగతిలోని పొడిచెత్త బుట్టలోవే.

“అమ్ముకోవడానికా?”

“కాదు మిస్. కస బండిలో వేస్తే తడిదీ పొడిదీ కలిసిపోయి కంపు కొడతాది. అందుకే పొడిది నేనే తీసుకపోయి పొడిచెత్త సెంటర్లో ఇస్తా.”

“చెత్తబండి దాన్ని దూరంగా తీసుకెళ్లి పోస్తుందని పాఠంలో చెప్పానుగా. ఆ కంపుతో నీకేం పని?”

కెజియా బ్యాగు జిప్పు వేసుకుంది.

“మీరు చెప్పిన ఆ దూరంలోనే మా ఇల్లు ఉండాది మిస్.”