పుండు కొలతలు

టైలర్ మాస్టారి అరికాలి మీద ఎర్రటి లేజర్ కాంతి పడుతోంది. షుగరు వల్ల మొండికేసిన పుండు అది. ఇదీ పనిచేయకపోతే పాదం తీసేయాల్సిందేనన్నారు డాక్టరు.

"చురుక్కుమనడం కూడా లేదు. టార్చిలైటుతో పుండు మానుతుందా తల్లీ?"

"మానుతుంది, మీరు మిషను తొక్కకుండా ఉంటే," అంది నర్సు. పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచు వెంట గీత గీసింది.

"గీత వంకర పోయింది. ఇలా కత్తిరిస్తే చొక్కా పాడైనట్టే. ఇటివ్వు!"

వారం వారం ఇదే గోల. కొలత ఫైల్లో రాసుకుని, కాగితం ఆయన చేతిలో పెట్టేసేది.

తొమ్మిదో వారం ఆమె కట్టు విప్పుతుంటే మాస్టారు జేబులోంచి ఎర్రటి గుడ్డపువ్వు తీశారు. నర్సు కళ్లెర్రజేసింది.

"మిషను తొక్కొద్దన్నానా లేదా?"

"ఒట్టు, చేత్తోనే కుట్టాను! ఎనిమిది రేకులూ నువ్వు గీసిన కొలతలే."

అడుగు రేకు పెద్దది. పైకి పోయేకొద్దీ చిన్నవి. పైరేకు పెసరగింజంత. సూది ఇంకా దారానికి వేలాడుతోంది.

"తొమ్మిదో రేకు కొలత ఇయ్యి మరి."

నర్సు పాదం వంక చూసింది. నవ్వుతూ ఖాళీ కాగితం ఆయన చేతిలో పెట్టింది.

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత దారాన్ని పళ్లతో పుటుక్కున తెంపేశారు.