రాసింది మెషీనే

"నాలుగో పేజీలో ఏం రాశావమ్మా?" అని కంప్యూటర్ మాస్టారు అడిగేసరికి ఆ అమ్మాయి ఆయన చేతిలోని కాగితాల వైపు చూసింది.

ఏం చెబుతుంది? తాగునీటి గొట్టాల మీద పన్నెండు పేజీల వ్యాసం. పొద్దున్నే లేచి రెండుసార్లు చదువుకుని మరీ వచ్చింది పాపం. ఈ బల్ల ముందు కూర్చోగానే అంతా తుడిచిపెట్టుకుపోయింది.

"గొట్టాలు కారడం గురించి..."

"అది ఆరో పేజీ."

బల్లకి అవతల ముగ్గురున్నారు. ఇటు కంప్యూటర్ మాస్టారు, అటు లైబ్రరీ మాస్టారు, నడుమ కుర్చీలో డిపార్ట్‌మెంటు పెద్ద మేడమ్. ఆ విశ్వవిద్యాలయంలో, అడిగింది రాసిపెట్టే మెషీన్ సాయం తీసుకోవడం తప్పేం కాదు. దాన్ని ఏమడిగిందీ, అదిచ్చిన దాంట్లో ఏం వాడుకున్నదీ వ్యాసం చివర ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి, అంతే. ఈ అమ్మాయి ఆ కాగితం మీద 'వాడలేదు' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది.

"ఈ రాత చూడండి మేడమ్!" కంప్యూటర్ మాస్టారు కాగితాలు విసిరేసినంత పని చేశాడు. "ప్రతి పేరాకీ మూడు కారణాలు. ప్రతి కారణానికీ ఓ ముగింపు. తడీ పొడీ లేదు. మనిషి పుట్టుక పుట్టినవాళ్లు ఎవరైనా ఇలా రాస్తారా?"

లైబ్రరీ మాస్టారు ఫక్కున నవ్వాడు. "చదువుతుంటే నాకు రెండుసార్లు కునుకు పట్టిందంటే నమ్మండి."

పెద్ద మేడమ్ నవ్వలేదు. గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగింది.

అమ్మాయి ఒళ్లో చేతులు నలుపుకుంటోంది. వచ్చే నెల నీటి సరఫరా ఆఫీసులో చేరాలి. రమ్మని ఉత్తరం కూడా వచ్చేసింది. ఈ ఒక్క పేపరు గట్టెక్కితేనే ఆ ఉద్యోగం. తండ్రి మంచాన పడ్డ రెండు నెలలూ ఆసుపత్రి వరండాలోనే గడిచిపోయాయి. వ్యాసానికి పెట్టిన గడువు మాత్రం ఎవరి కోసం ఆగుతుంది?

"మెషీన్ రాయలేదండీ" అంది సన్నగా.

"అయితే నువ్వే రాశావా? నా కళ్లలోకి చూసి చెప్పు."

అమ్మాయి తల దించుకుంది.

అప్పుడు పెద్ద మేడమ్ మొదటిసారి నోరు విప్పింది. గొంతు దూదిలా మెత్తగా ఉంది.

"చూడమ్మాయ్. మొండికేస్తే ఏడాది పోతుంది. మెషీన్ చేత రాయించానని ఒప్పుకో. పదిహేను రోజుల్లో ఇంకోటి రాసివ్వచ్చు. ఫైల్లో మచ్చ పడుతుంది, నిజమే. కానీ నీ ఉద్యోగం నీకు దక్కుతుంది కదా."

"మా మేడమ్ మనసు వెన్న" అన్నాడు లైబ్రరీ మాస్టారు.

అమ్మాయి తలెత్తి ఆవిడ వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆవిడ చూపు కిటికీ వైపు తిప్పుకుని, ఒప్పుకోలు కాగితం ముందుకు జరిపింది.

"మెషీన్ని ఏమడిగానని రాయను మేడమ్?"

"తాగునీటి గొట్టాల మీద వ్యాసం కావాలన్నాను, మొత్తం అదే రాసిచ్చింది అని రాసెయ్."

రాసింది. సంతకం పెట్టింది. దాని కింద ముగ్గురూ పెట్టారు.

"ఇకనైనా ఒళ్లు వంచి పనిచెయ్యి" అని సాగనంపాడు కంప్యూటర్ మాస్టారు.

బయట బెంచీ మీద తల్లి చేతిసంచి పట్టుకుని కూర్చుని ఉంది. కూతుర్ని చూడగానే లేచింది.

"ఏమైందే?"

"మెషీన్ రాసిందని ఒప్పుకున్నానమ్మా."

"మెషీనా! ఆ మాట చెప్పమని నీకెవరు నేర్పారే?"

"అత్తేనమ్మా" అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "ఆసుపత్రిలో మన పాట్లు చూడలేక ఆ పన్నెండు పేజీలూ నాకు రాసిపెట్టిన చేత్తోనే, నడుమ కుర్చీలోంచి ఆ కాగితం నా ముందుకు జరిపింది."