మంచి గడ్డే తల్లీ

ల్యాబులో లోపల్నుంచి పేరు పిలవగానే సత్యవాణి లేచింది. వెళ్ళింది మాత్రం గదిలోకి కాదు, వీధి గుమ్మం వైపు.

“ఎక్కడికి తల్లీ?” పక్కన కూర్చున్న ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇంటికి.”

“సూదికి భయమేసినాదా?”

సత్యవాణి చెయ్యి మెడ మీదికి పోయింది.

గొంతు కింద కుంకుడు గింజంత గడ్డ. రక్తపరీక్షలో ఏమీ లేదన్నారు. స్కానింగ్ చేసిన డాక్టరు మాత్రం, సూదితో అందులోంచి కాస్త తీసి చూస్తేగాని మంచిదో చెడ్డదో చెప్పలేమన్నాడు. భర్త హరిబాబుకి వర్క్‌షాపులో సెలవు దొరకలేదు. ట్రాఫిక్ పేటలోని ఇంటి నుంచి ఇందా పేటలోని ఈ ల్యాబు దాకా ఒక్కతే ఆటోలో వచ్చింది.

“గడ్డని పొడిస్తే ఒళ్లంతా పాకిపోతాదంట కదా బాబాయ్?”

“ఎవలు సెప్పినారు? నాకు మూడుసార్లు పొడిసినారు. సూడు, గుండ్రాయిలాగున్నాను. నీదీ మంచి గడ్డే తల్లీ. ఎల్లు.”

మళ్ళీ పేరు పిలిచారు. ఆయన గది తలుపు దాకా తోడొచ్చాడు.

వారం పోయాక రిపోర్టు చేతికొచ్చింది.

క్యాన్సర్.

పక్కింటి నూకాలమ్మకి నిమ్మకాయంత గడ్డ. ఆవిడది మంచిదేనని తేలింది. తనది గింజంతే ఉండి చెడ్డదైంది.

కాళ్ళీడ్చుకుంటూ బయటికొచ్చేసరికి అదే ముసలాయన, అదే బెంచీ. పక్కన ఇంకో ఆవిడ ఏడుస్తోంది.

“నీదీ మంచి గడ్డే తల్లీ,” అంటున్నాడు.

సత్యవాణికి ఒళ్లు మండిపోయింది.

“అబద్ధాలకోరు! నాతోనూ ఇదే కూత కూసినావు! నువ్వేటి డాక్టరువా? ఎంతమందిని ఇలాగ ఏమారుస్తావు?”

అందరూ ఇటు తిరిగారు. ముసలాయన లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో కాగితం కేసి చూశాడు. మొహం పాలిపోయింది.

“ఆపరేషన్ సేయించుకుంటావు కదా తల్లీ?”

“నీకెందుకు? ఈయన్ని లోపలికి ఎవరు రానిచ్చినారు?” అని అరిచింది.

గేటు దగ్గరి మనిషి వచ్చాడు. “చలియే దాదా, బాహర్,” అని బయటికి నడవమంటూ జబ్బ పట్టుకుని తీసుకుపోయాడు.

ఆపరేషన్ అయింది. గొంతు బొంగురుపోయింది.

“గడ్డ పెద్దదా చిన్నదా అన్నది కాదమ్మా, లోపల ఏముందన్నదే లెక్క,” అన్నాడు డాక్టరు. “నీది ఇంకా పాకలేదు. ఆ పరీక్ష చేయించుకోకుండా వెళ్ళిపోయుంటే మాత్రం ఇలా కూర్చుని మాట్లాడుకునే వాళ్ళం కాదు.”

ఆ మాట విన్నాక ఆమెకి నిద్ర పట్టలేదు. తను అరిచిన అరుపులే చెవుల్లో మోగాయి.

ఒంట్లో కాస్త ఓపిక రాగానే ఇందాలో ల్యాబుకి వెళ్ళింది. బెంచీ మీద ఆయన లేడు. ఆ రోజు తర్వాత మళ్ళీ రాలేదట. ఆయన రాకపోయాక, పేరు పిలవగానే లేచి వెళ్ళిపోయిన వాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారని గేటు మనిషి నసిగాడు. ముసలాయన పేరు ఏలియా, ఉండేది ఓల్డ్ సెటిల్‌మెంట్ బస్తీలో అని మాత్రం చెప్పాడు.

సందుసందునా అడుగుతూ ఇల్లు పట్టుకుంది. కూతురు జెనీ తలుపు తీసింది.

“నాన్న లేరక్కా. మొన్న ఆదివారమే మట్టి సేసినాం.”

సత్యవాణి గుమ్మం దగ్గరే అడిగింది.

“గడ్డ తిరగబెట్టినాదా?”

“ఏ గడ్డ?”

“ఆయన మెడకి... మూడుసార్లు సూదితో పొడిసినారని సెప్పినారు నాకు.”

జెనీ ఆమె మెడ మీది కుట్ల కేసి చూసింది.

“నాన్నకి గడ్డేటక్కా, గుండె ఆగిపోయినాది. గడ్డతో పోయింది మా అమ్మ. పరీక్ష రోజున పేరు పిలిసేసరికి అమ్మ భయపడి లేసిపోతే, ‘సరే పద, ఇంటికి పోదాం’ అని సైకిలెక్కించుకుని తీసుకొచ్చేసినోడు మా నాన్నే.”